అన్నంలోకి కూరా, కూరలోకి అన్నమా?

తెలుగు ఇళ్లలో వంట గురించి అడిగే మొదటి ప్రశ్న, "అన్నంలోకి ఏం చేశారు?" అని. పప్పు అయినా, చేపల పులుసు అయినా, గుత్తి వంకాయ అయినా అన్నీ అన్నంలోకే. కూరనీ పచ్చడినీ కలిపి చెప్పడానికి "ఆదరువు" అనే పాత మాట ఒకటుంది. ఆదరువు అంటే ఆసరా. అన్నం గొంతు దిగడానికి పక్కన పెట్టే ఆసరా అన్నమాట. పెరుగన్నంలోకి మాగాయ నంజుకుంటారు, చారన్నంలోకి అప్పడం నంజుకుంటారు. కూర తింటూ అన్నం నంజుకునేవాళ్లు మాత్రం కనిపించరు. పొద్దున నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం రెండు పరోటాలు తిన్న మనిషి కూడా సాయంత్రానికి "ఇవాళ అన్నం తినలేదు" అంటాడు. ఆ రోజు భోజనమే చేయలేదని దాని అర్థం.

తిండి అలవాట్లు బాగుచేసుకోవాలనుకున్నప్పుడు చాలామంది కొత్త సరుకులు కొనడంతో మొదలుపెడతారు. ఓట్స్, చియా గింజలు, గ్రీన్ టీ, డ్రై ఫ్రూట్స్ వంటింటి అల్మారాలోకి వస్తాయి. మధ్యాహ్నం కంచం మాత్రం ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. నెల తిరిగేసరికి ఓట్స్ డబ్బాకి పురుగు పడుతుంది. తెలుగువాళ్ల తిండిలో మారాల్సింది సరుకుల జాబితా కాదు, కంచంలో అన్నానికీ కూరకీ మధ్య ఉన్న లెక్క. మిగతా మంచి అలవాట్లలో చాలా వాటికి ఈ ఒక్క మార్పే దారి తీస్తుంది.

ఈ లెక్క తరతరాలుగా ఇలాగే ఉందనుకోవడం పొరపాటు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తర్వాత కొద్ది ఏళ్లకే కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట వచ్చింది. డెల్టా ఊళ్లకు వరి దొరికింది అలాగే. మెట్ట ప్రాంతాల సంగతి వేరు. తెలంగాణలో జొన్న గటక, జొన్న రొట్టె. రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం. ఉత్తరాంధ్రలో చోడి అంబలి. వరన్నం పండక్కో, చుట్టాలొచ్చిన రోజునో వండేవాళ్లు. నాగార్జున సాగర్ నీళ్లు, కొత్త వరి వంగడాలు, బోరుబావులు వచ్చాక ఇది మారుతూ వచ్చింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో వరన్నం పేదవాళ్ల రోజువారీ తిండి అయింది. ఆ పథకం లక్షల ఇళ్లలో ఆకలి తీర్చింది. పస్తులున్నవాళ్లకు తెల్లన్నం అంటే కడుపు నిండడమే కాదు, గౌరవం కూడా. ఆ సంగతి మరిచిపోయి బియ్యాన్ని తిట్టడం అన్యాయం.

అయితే ఈ మార్పులో ఒకటి చేజారింది. మెట్ట చేలో జొన్న ఒంటరిగా పండదు. సాళ్ల మధ్య కంది ఉంటుంది, అంచుల్లో అలసందలో, పెసరలో, అనుములో ఉంటాయి. జొన్నతో పాటే పప్పు కూడా ఇంటికి వచ్చేది. నీళ్లు పారిన పొలంలో వరి ఒక్కటే నిలబడింది. పప్పు చేను వదిలి కొట్టుకు చేరింది, అక్కడి ధర పలకడం మొదలైంది. బియ్యం చవకై పప్పు ప్రియమైతే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? పప్పు పలచన చేస్తుంది, అన్నం ఎక్కువ వండుతుంది.

బియ్యం తెలుపు మీద మోజుకు తెలుగు నేల ఇంతకుముందే ఒకసారి మూల్యం చెల్లించింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, అప్పట్లో ఉత్తర సర్కారులనే కోస్తా జిల్లాల్లో బెరిబెరి జబ్బు పాతుకుపోయి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె నీరసించడం దాని లక్షణాలు. పచ్చి బియ్యాన్ని మరలో బాగా తెల్లగా పట్టించి తినడంతో తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోవడమే అందుకు కారణం. తమిళ ప్రాంతాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఈ బాధ అంతగా లేదు, వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ కొంత గింజలోకి ఇంకుతుంది కాబట్టి. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి హైదరాబాద్‌కు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ అదే. దేశం ఏం తినాలో చెప్పే సంస్థ పుట్టుకలో తెల్లబియ్యం కథ ఉందని హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కూడా పెద్దగా తెలియదు.

ఇప్పుడు బెరిబెరి భయం లేదు. దాని చోటులో షుగర్ వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. అదే సర్వే నుంచి 2025లో వచ్చిన తిండి లెక్కల్లో భారతీయులు తీసుకునే శక్తిలో సగటున 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. అందులో ఎక్కువ భాగం తెల్లబియ్యం, మర పట్టిన పిండి, చక్కెర.

ఆ పరిశోధనలో ఇంకో మాట ఉంది. షుగర్ రాగానే ఇళ్లలో జరిగే మొదటి మార్పుకి సంబంధించింది కాబట్టి దాన్ని ఇంటింటా చెప్పుకోవాలి. "రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నా" అనే మాట వినని వీధి ఉండదు. కానీ మొత్తం పిండిపదార్థం తగ్గకుండా తెల్లబియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో వాడినందువల్ల షుగర్ ముప్పు తగ్గినట్టు ఆ లెక్కల్లో కనిపించలేదు. పిండిపదార్థాల్లో కొంత తీసేసి ఆ చోటులో పప్పులు, పాలు, పెరుగు లాంటి ప్రొటీన్ పెట్టుకుంటే ముప్పు తగ్గుతున్నట్టు కనిపించింది. నాలుగు చపాతీలు బంగాళాదుంప కూరతో తిన్న మనిషి అన్నం మానేశాడే తప్ప పిండి తినడం మానలేదు.

చిరుధాన్యాలకూ ఇదే వర్తిస్తుంది. కొర్రలు, సామలు, అరికెలు మంచివే. రాగుల్లో కాల్షియం నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో నామమాత్రమే. పీచు కూడా ఎక్కువ. అయితే బజారులో దొరికే కొర్రల్లో చాలావరకు పైపొర తీసేసి తెల్లగా పాలిష్ పట్టినవి. రాగిజావలో రెండు గరిటెల బెల్లం కలిపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వారానికి రెండు రోజులు కొర్రన్నం తిన్నా ఆ రోజు కూర పాత కొలతలోనే ఉంటే కంచం మారినట్టు కాదు. షుగర్ తక్కువ పెంచుతుందని పేరు తెచ్చుకున్న తెలంగాణ సోనా బియ్యమూ అంతే. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ అనే కొలత, ఆర్ఎన్ఆర్ 15048 అనే ఆ రకానికి 50కి కాస్త పైన ఉంటుంది. మంచి రకమే, కానీ ఆ ధైర్యంతో ఒక గరిటె ఎక్కువ వడ్డించుకుంటే వచ్చిన లాభం అక్కడే పోతుంది.

ఎన్ఐఎన్ చెప్పిన రోజు కంచాన్ని ఇంటి సంచితో పోల్చి చూస్తే ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది. రోజుకు 2000 క్యాలరీలు కావాల్సిన మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి 27 గ్రాములు, వీటికి తోడు పాలు పెరుగు. ఇవన్నీ వండకముందు తూకాలు. ఇప్పుడు నలుగురు పెద్దవాళ్లున్న ఇల్లు తీసుకోండి. నెలకు 25 కిలోల బియ్యం బస్తా అయిపోతే తలకు రోజుకు 208 గ్రాములు. ఇది హద్దులోనే ఉంది. అయితే ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, దోశల బియ్యం, గోధుమపిండి, బిస్కెట్లు, అటుకులు కూడా ఈ 250లోనే ఇమడాలి. చాలా ఇళ్లలో ఇమడవు.

కూరగాయల దగ్గర తేడా ఇంకా పెద్దది. ఈ లెక్కన నలుగురికి రోజుకు కిలోన్నర పైనే కావాలి. అరకిలో బీరకాయలు తెచ్చి, చెక్కు తీసి, నూనెలో మగ్గిస్తే నలుగురికీ తలా రెండు చెంచాలు వస్తుంది. పప్పు సంగతీ అంతే. నూరు గ్రాముల కందిపప్పు ఉడకబెట్టి దోసకాయో టమాటానో వేస్తే చూడ్డానికి గిన్నె నిండుగా ఉంటుంది. తలకు పడేది 25 గ్రాముల పప్పు, అందులో ప్రొటీన్ 5 గ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలని ఐసీఎంఆర్ కొలత. బియ్యం నుంచి కొంత వచ్చినా మిగతాది ఎక్కడి నుంచి రావాలి? "మేం రోజూ పప్పు తింటాం" అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఒక్కసారి పప్పు డబ్బా ముందు నిలబడి తూచి చూసుకోవాలి.

ఇక అసలు చిక్కు. కూర ఎక్కువ తినండి, అన్నం తక్కువ తినండి అని చెప్పడం తేలికే. మనం వండే కూర అలా తినడానికి వీలుగా ఉండదు. దొండకాయ వేపుడులో ఉప్పు కారం ఎంత వేస్తాం? అన్నంలో కలిపితే సరిపోయేంత. ఉత్తగా ఒక కప్పు వేపుడు తినమంటే నాలుక మండుతుంది. చింతపండు పులుసైనా, గోంగూర పచ్చడైనా అంతే, అన్నంలో కలిసి పలచబడతాయని లెక్కగట్టి పదును పెట్టినవే. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఉప్పూ కారం అన్నాన్ని అడుగుతాయి. ఒక ముద్ద రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అందుకే అన్నం తగ్గించడాన్నీ ఉప్పు తగ్గించడాన్నీ రెండు వేర్వేరు సలహాలుగా చూడకూడదు. ఉప్పు అలాగే ఉంచి అన్నం మాత్రం తగ్గిస్తే వారం రోజులకే విసుగొస్తుంది, కూర ఎక్కువ తినలేక ఆకలి మిగిలిపోతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు ఉన్న కంచంలో ఆ చెంచా మధ్యాహ్నానికే అయిపోవచ్చు.

కప్పులో వేసుకుని తినగలిగే కూరలు తెలుగు వంటలో లేకపోలేదు. పాలు పోసి వండిన సొరకాయ, పెసరపప్పు వేసిన పొట్లకాయ, కొబ్బరి కోరు చల్లిన బీన్స్, నువ్వుల పొడి వేసిన చిక్కుడుకాయ, ఆకుకూరలతో పప్పుకూర, పెరుగుపచ్చడి, అలసందల గుగ్గిళ్లు, మొలకెత్తిన పెసలు. ఉప్పూ కారం నిమ్మళంగా ఉన్న వంటలు ఇవి. గుడ్డు, చేప తినేవాళ్లకు ఇగురు కన్నా పలచటి పులుసులో ముక్కలు ఎక్కువ వేసుకోవడం మేలు. పెద్దవాళ్లు వీటిని పథ్యం వంటలనో చప్పిడి కూరలనో పక్కన పెట్టడం వల్ల పేరు రాలేదు కానీ రుచికి తక్కువేం కాదు. పొన్నగంటి, గంగవాయిలి, చుక్క, బచ్చలి, మునగాకు లాంటివి ఒకప్పుడు పెరట్లోనో పొలం గట్టునో దొరికేవి. ఇప్పటికీ రైతుబజారులో కట్ట చవకే. నాలుక కూడా మొండిది కాదు. ఉప్పు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాలకు ఆ రుచికే అలవాటు పడుతుంది, పాత వంట తింటే ఉప్పగా తోస్తుంది.

వడ్డన పద్ధతి కూడా అన్నాన్ని పెంచుతుంది. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, పచ్చడితో, చారుతో, చివర పెరుగుతో. ప్రతిదానికీ కొత్తగా అన్నం. ఒక్కో మారుకి పెట్టేది కొంచెమే అనిపిస్తుంది, కలిపి చూస్తే గిన్నెడు అవుతుంది. ఒక కప్పు, అంటే 150 గ్రాముల వండిన అన్నంలో 200 క్యాలరీల దాకా ఉంటాయి. పచ్చడి మారు తీసేస్తే చాలు, అన్నంతో పాటు ఉప్పూ నూనే తగ్గుతాయి. ముందు ఒక కప్పు కూరో పప్పో తిని తర్వాత అన్నం కలుపుకోవడం ఇంకో దారి. కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థం చివర తింటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతున్నట్టు షుగర్ ఉన్నవాళ్ల మీద చేసిన కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు, చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. వాళ్లూ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లూ డాక్టరును అడిగే మార్చుకోవాలి.

అలవాటు మనిషి మనసులో ఉంటుందని, పట్టుదల ఉంటే మారుతుందని అనుకుంటాం. నిజానికి తిండి అలవాట్లు బియ్యం డబ్బాలో వేసి ఉన్న కొలత గ్లాసులో ఉంటాయి. రోజూ మూడు గ్లాసులు పోసే చేయి ఆలోచించకుండా మూడే పోస్తుంది. వండిన అన్నం మిగిలితే పారేయడానికి మనసొప్పదు, అన్నాన్ని పరబ్రహ్మ అని నమ్మిన ఇళ్లు మరి. అందుకే తినేటప్పుడు కాదు, కడిగేటప్పుడే తగ్గించాలి. మూడు గ్లాసులు రెండున్నర చేసి, ఆ అరగ్లాసుకి బదులుగా పప్పు డబ్బాలోంచి ఒక గుప్పెడు ఎక్కువ వేయాలి. ఇంట్లో ఎవరికీ ఉపన్యాసం చెప్పక్కర్లేదు. కూర తరిగి పొయ్యి మీద పెట్టాకే బియ్యానికి ఎసరు పెట్టడం కూడా పనిచేస్తుంది. కూర ఎంతో చూశాక అన్నం ఎంత కావాలో చేతికే తెలుస్తుంది.

21 రోజులు చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందని ఒక మాట తిరుగుతుంటుంది. దాన్ని నమ్మినవాళ్లకు ఇరవై రెండో రోజున టెన్షన్ మొదలవుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని తనంతట తాను జరిగే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం జరగలేదు. పెళ్లి భోజనం, బోనాలు, సంక్రాంతి అరిసెలు ఏడాదిలో వస్తూనే ఉంటాయి. ఆ రోజు కడుపునిండా తిని మర్నాడు మళ్లీ రెండున్నర గ్లాసులే పోస్తే చాలు.

నూనె, చక్కెరలకు నెలవారీ లెక్క సరిపోతుంది. మనిషికి 27 గ్రాములంటే నలుగురు పెద్దవాళ్లకు నెలకు నెయ్యితో కలిపి మూడున్నర లీటర్లు. ఇంట్లో అయిదు ప్యాకెట్లు అవుతుంటే ఎక్కడ పోతోందో వెతుక్కోవచ్చు. చక్కెర ఎక్కువగా టీలో దాక్కుంటుంది. రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు టీలు తాగితేనే పాతిక గ్రాములు దాటుతుంది.

డబ్బు మాట వదిలేస్తే ఈ చర్చ అబద్ధం అవుతుంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్న బియ్యం మనిషికి 6 కిలోలు ఉచితంగా ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. ధాన్యం వరకు అది దాదాపు సరిపోతుంది. అదే ఇంటికి కూరగాయలు, పప్పు, గుడ్లు బజారు ధరకే కొనాలి. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో కంచంలో అన్నం ఎక్కువ, కూర తక్కువ ఉండటానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. బడి భోజనంలో గుడ్డు, అంగన్వాడీలో పాలు గుడ్లు ఎందుకు అంత ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది. రేషన్ సంచిలో బియ్యంతో పాటు పప్పు కూడా ప్రతి నెలా, తగినంత ఉండాలని అడగడం న్యాయమైన కోరిక. ఇళ్ల వరకు చూస్తే అలసందలు, శనగలు, ఉలవలు, పల్లీలు, గుడ్లు ఇప్పటికీ బలానికి చవకైన దారి.

ఒకే ఇంట్లో కూడా అందరి కంచాలూ ఒకలా ఉండవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ పది మంది ఆడవాళ్లలో ముగ్గురికి పైగా అధిక బరువుతో ఉన్నారు. బరువూ రక్తహీనతా ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉండటం వింతగా తోస్తుంది కానీ వంటింట్లో చివరి కంచం చూస్తే కొంత అర్థమవుతుంది. వండినవాళ్లు అందరికీ వడ్డించి చివర కూర్చుంటారు. అప్పటికి అన్నం మిగులుతుంది, కూర గిన్నె అడుగంటి ఉంటుంది. అన్నం, పచ్చడి, మజ్జిగతో భోజనం అయిపోతుంది, వెంటనే ఒక టీ. తిండిలోని ఇనుము ఒంటబట్టకుండా ఆ టీ అడ్డుపడుతుంది. దాన్ని గంటో రెండు గంటలో ఆపి, ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా అందుతుంది. పొయ్యి దించగానే, వడ్డన మొదలవకముందే, వండినవాళ్ల వాటా కూర, పప్పు, గుడ్డు ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టి పక్కన ఉంచాలి. ఆ పని ఇంట్లో మిగతావాళ్లు చేయాలి, ఎందుకంటే వండిన మనిషి తనకోసం తాను తీసి పెట్టుకోదు.